ఆదివారం గోల్స్ రాసుకొచ్చేవాళ్లకి

అందరికీ వందనాలు. "ఎక్కువ ప్రార్థన చేస్తాను", "పొదుపు చేస్తాను" అని రాయొద్దు ప్లీజ్, అలాంటివి జరిగాయో లేదో ఎవరూ చెప్పలేరు. జీతం వచ్చిన రోజే దశమభాగం (దేవునికిచ్చే పదోవంతు) తీసిపెట్టి, డిసెంబర్‌లోగా ఏ అప్పు తీర్చాలి, నెలకి ఎంత కట్టగలరు అన్నది అంకెల్లో రాయండి. బైబిల్‌లో లూకా 14లో గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు కదా. ఇంకోటి, మత్తయి 25లో యజమాని తన దాసులకి తలాంతులు (అంటే డబ్బు) అప్పగించిన కథ ఉంది కదా, అందులో ఐదు తలాంతులవాడికీ రెండు తలాంతులవాడికీ యజమాని మెప్పు ఒక్కటే, కాబట్టి పక్కవాళ్ల గోల్ కాపీ కొట్టకండి (ముఖ్యంగా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షకి చదివే బ్యాచ్!). టైమ్, ఒంట్లో ఓపిక కూడా దేవుడు మన చేతికి అప్పగించినవే, నిద్ర మానేసి సాధించే ప్లాన్లు నాకైతే నచ్చవు. రెండు మూడు చాలు. కాగితం మీద తీసుకురండి, ఫోన్‌లో వద్దు.