ప్యాచ్ వచ్చాక పాత వ్యూహంలో ఏది నిలుస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

కొత్త కంప్యూటర్ గేమ్ విడుదలైనప్పుడు మన పత్రికలు దాన్ని పాఠకులకు పరిచయం చేస్తున్నాయి. అయితే వంతులవారీగా ఆడే వ్యూహ క్రీడల విషయంలో విడుదల తేదీ కన్నా ఆ తర్వాత ఆట నియమాలను మారుస్తూ తయారీదారులు పంపే ప్యాచ్‌లే ఆటగాడికి ఎక్కువ పని పెడతాయి. వాటి గురించి తెలుగులో వివరంగా చదివే అవకాశం తక్కువ కావడం వల్ల, ప్రతి మార్పునూ అన్యాయంగా భావించి ఆటనే వదిలేసేవారు, పాత వ్యూహాన్ని మొత్తంగా పారేసి మొదటినుంచి వెతుక్కునేవారు నాకు తరచుగా కనిపిస్తున్నారు. ఈ రెండూ అనవసరమని చెప్పడానికే ఈ లేఖ.

2016 అక్టోబరులో విడుదలైన సివిలైజేషన్ 6 అనే వ్యూహ క్రీడనే తీసుకుందాం. అందులో ఆటగాడు ఎంచుకోగల రాజ్యాలలో ఒకటైన సిథియాకు ఒక ప్రత్యేకత ఉంది: తేలికపాటి అశ్వదళాన్ని ఒకటి తయారు చేస్తే రెండు వస్తాయి. తొలి రోజుల్లో ఏ దళాన్నైనా రద్దు చేస్తే కొంత బంగారం చేతికి వచ్చేది. ఉచితంగా వచ్చిన రెండో గుర్రపు దళాన్ని అమ్ముకుని, ఆ బంగారంతో ఏది కావాలంటే అది కొనడం చాలామందికి అలవాటైంది. కొద్ది వారాల్లోనే వచ్చిన తొలి ప్యాచ్ ఈ అమ్మకాన్ని ఆపేసింది. సిథియా పని అయిపోయిందని అప్పుడు చాలామంది అనుకున్నారు. నిజానికి రెండేసి దళాలు అలాగే వస్తున్నాయి, వాటితో పొరుగు రాజ్యంపై దండెత్తే దారి అలాగే ఉంది. పోయింది బంగారం వచ్చే మార్గం ఒక్కటే. ఆ లోటును వాణిజ్య కేంద్రాలతో, వర్తక మార్గాలతో పూడ్చుకున్నవారికి మిగతా వ్యూహాన్ని మార్చుకోవలసిన అవసరమే రాలేదు.

కాబట్టి ప్యాచ్ వివరాలు చదివేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఇంతవరకు ఊరికే దొరికిన దేనికి ఇప్పుడు వెల కట్టారు? దాని మీద ఆధారపడిన మెట్టు నా వ్యూహంలో ఎక్కడుంది?

ఫ్యాక్టరీల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. మొదట్లో ఆరు గడుల దూరంలో ఉన్న ఫ్యాక్టరీలన్నిటి ఉత్పత్తి లాభమూ ఒకే నగరానికి కలిసి వచ్చేది కనుక, ప్రతి నగరంలోనూ ఫ్యాక్టరీ ఉండే ప్రత్యేక ప్రాంతాన్ని, అంటే పారిశ్రామిక ప్రాంతాన్ని, కట్టి నగరాలను దగ్గర దగ్గరగా పేర్చేవారు. తర్వాతి మార్పుతో ఒక నగరానికి ఒక్క ఫ్యాక్టరీ లాభమే అందుతుందని నిర్ణయించారు. ఉత్పత్తి పడిపోయిందని బాధపడటం సహజమే. కానీ ఈ ఆటలో నగర జనాభా 1, 4, 7 ఇలా మూడేసి చొప్పున పెరిగితేనే మరో ప్రత్యేక ప్రాంతం కట్టుకునే వీలు కలుగుతుందని గుర్తుంచుకుంటే, ఈ మార్పు ఇచ్చింది కూడా తెలుస్తుంది. నాలుగు నగరాలకు నడిమధ్యన ఒక ఫ్యాక్టరీ చాలు. మిగతా మూడింటిలో ఆ చోటు విద్యాకేంద్రానికో, రంగస్థలానికో మిగులుతుంది.

2019 ఫిబ్రవరిలో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణ (అసలు ఆటకు తర్వాత చేర్చే అదనపు భాగం) అన్నిటికంటే లోతుగా తాకింది. అంతకుముందు రెండు ఇనుప గనులు, లేదా ఒక గనీ ఒక సైనిక శిబిరమూ ఉంటే ఎంతమంది ఖడ్గధారులనైనా తయారు చేసుకోవచ్చు. ఇప్పుడు ఒక్కొక్క ఖడ్గదళానికి 20 ఇనుము ఖర్చవుతుంది, గని వంతుకు రెండే ఇస్తుంది, నిల్వకు మొదట్లో 50 హద్దు. అంటే ఒక్క గని ఉన్నవాడికి పది వంతులకు ఒక దళం. పది ఖడ్గదళాలతో ఒక్కసారిగా విరుచుకుపడే పాత దండయాత్ర ఈ లెక్కలో నిలబడదు. ఇనుము అక్కర్లేని విలుకాళ్లతో సైన్యంలో ఎక్కువ భాగాన్ని నింపి, గోడల ముందు నిలబడవలసిన రెండు మూడు చోట్లకే ఖడ్గదళాలను కేటాయించాలి. నిల్వ 50కి చేరాక గని ఇచ్చేదంతా వృథాయే కనుక, యుద్ధం ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఇనుమే చెబుతుంది. నా దృష్టిలో ఆటను బాగుచేసిన మార్పులలో ఇదే గొప్పది, ఎందుకంటే గని దొరకడం అదృష్టమైనా దాన్ని వాడుకోవడం ఆలోచనగా మారింది.

నియమాలు మారినప్పుడు ఏది చేతిలో మిగులుతుందో చదరంగం చరిత్రలోనూ కనిపిస్తుంది. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరిగే దేశీయ పద్ధతిలో ఆట నేర్చిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929లో ఇంగ్లండు వెళ్లి, అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. 1932, 1933లలోనూ గెలిచారు. ప్రారంభ ఎత్తుల్లో ఆయనకు ఇబ్బంది ఉండేది, అది నియమాల తేడా వల్లనే. ఆట మధ్యలో, చివరిలో ఆయన నైపుణ్యాన్ని ఆ తేడా తాకలేదు.

అందువల్ల నా మనవి ఇది. ప్యాచ్ వచ్చినప్పుడు ఏ రాజ్యం బలహీనపడింది, ఏది బలపడింది అన్న జాబితా వేసి ఊరుకోకుండా, ఇనుము విషయంలో పైన చూపినట్టు, మార్పుకు ముందు లెక్క ఎలా ఉండేదో, తర్వాత ఎలా ఉందో మీ సాంకేతిక పుటలో నాలుగు వాక్యాల్లో తెలుగులో ప్రచురించగలరు. ఇంగ్లీషులో ఉండే పొడవాటి మార్పుల పట్టిక చదవలేని హైస్కూలు విద్యార్థికి కూడా ఆ లెక్క అందితే, తన వ్యూహంలో ఏ మెట్టు మార్చుకోవాలో అతనే తేల్చుకోగలడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.