పాత గిటారుకు ముందు గుర్తింపు, తర్వాతే వెల

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో పెరంబూరు, వేపేరి వంటి చోట్ల పాత ఇళ్లు ఖాళీ అయినప్పుడు బయటపడే గిటార్లు, లోపల తయారీదారు పేరున్న చీటీ లేదన్న ఒక్క కారణంతో నామమాత్రపు ధరకు పోతున్నాయి. పేరు లేకపోవడం నాసిరకానికి గుర్తు కాదు. జర్మనీలోని మార్క్‌నోయ్‌కిర్షెన్‌ పట్టణపు పనివారు చేసిన వాద్యాలెన్నో తయారీదారు పేరు లేకుండానే దేశాలు దాటాయి.

గిటారు ముఖాన ఉండే గుండ్రటి రంధ్రంలోంచి చిన్న అద్దం, దీపం పెట్టి చూస్తే ముఖపలక వెనుక అతికించిన బద్దలు విసనకర్రలా విచ్చుకున్నాయా, ఒకదానినొకటి అడ్డంగా దాటుతున్నాయా అన్నది తెలుస్తుంది. మొదటిది స్పెయిన్ పద్ధతి, రెండవది అమెరికాలో మార్టిన్ అనే గిటార్ల సంస్థ స్థిరపరచిన పద్ధతి. దీని ఒక్కదానితోనే తీర్పు చెప్పలేం గాని, వెతకవలసిన దిక్కు తెలుస్తుంది.

ఈ పరిశీలన జరగకముందే పాత వార్నిష్ గీకించి కొత్త మెరుపు పెట్టించడం, పేగు తీగలకు చేసిన గిటారుకు ఉక్కు తీగలు బిగించడం నన్ను ఎంతో బాధిస్తున్నాయి. మొదటి పనితో విలువ పడిపోతుంది, రెండవదాని లాగుడుకు తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి ఊడి పలకే ఉబ్బిపోవచ్చు. గిటారు కలప బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచి అంతర్జాతీయ వాణిజ్యంపై కఠిన నియంత్రణ ఉంది కనుక, విదేశీ ధర చూసి ఆశపడేముందు కలపను నిర్ధారించుకోవాలి.

ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం అనుభవజ్ఞులైన మరమ్మతు నిపుణులను పిలిపించి, ఇటువంటి వాద్యాలను ప్రజలు ఉచితంగా చూపించుకునే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మైలాపూరు, చెన్నై