స్టోర్నోవే వ్యాసంలో మరచిన పేరు

సంపాదకులకు,

అయ్యా,

స్కాట్లాండు వాయవ్యాన లూయిస్ ద్వీపంలో ఉన్న చిన్న రేవు పట్టణం స్టోర్నోవే గురించి గత ఆదివారం మీరు ప్రచురించిన యాత్రా వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. కోట గురించీ హెర్రింగ్ చేపల వ్యాపారం గురించీ చక్కగా రాసిన వ్యాసకర్త, కడప పాఠకులకు ముందుగా చెప్పవలసిన పేరును విడిచిపెట్టారు. మన ఊళ్ల కైఫీయత్తులను, అంటే ఒక్కో ఊరి పాత చరిత్ర చెప్పే స్థానిక వృత్తాంతాలను, సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది ఆ ఊళ్లోనే. అక్కడి సుంకాల కార్యాలయంలో పనిచేసి, 1783లో మద్రాసు చేరి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరైన ఆయన, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ (భూముల సర్వేకు ప్రధానాధికారి) అయ్యారు. 1821లో మరణించేదాకా మళ్లీ సొంత ఊరి ముఖం చూడలేదు.

అయితే కైఫీయత్తుల ఘనతంతా ఆయన ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. ఆయనకు తెలుగు రాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి వెంట తిరిగిన గుమాస్తాలూ కరణాల దండకవిలెలు (ఊరి పాత దస్తరాలు) చూసి, పెద్దలను అడిగి, గుడి, చెరువు, ఇనాము, పాళెగాళ్ల కలహం అన్నీ రాసుకువచ్చారు కాబట్టే అవి మనకు దక్కాయి.

వ్యాసంలో ఒక సవరణ కూడా అవసరం. ‘ప్రాచీన దుర్గం’ అని వర్ణించిన లూస్ కాజిల్ అంత పాతది కాదు. పాత కోటను 17వ శతాబ్దంలో ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్ సైనికులు కూల్చివేశారు. ఇప్పుడున్నది 1844లో ద్వీపాన్ని కొన్న జేమ్స్ మాథెసన్ కట్టించుకున్న భవనం. చైనాకు నల్లమందు అమ్మి గడించిన సొమ్ముతో కట్టినది అది. ఆ నల్లమందు పండింది మన దేశపు పొలాల్లోనే కాబట్టి, ఆ గోడలు చూసి మురిసిపోయే ముందు కాస్త ఆగడం మంచిది.

‘ఒక ఓడ ప్రమాదం’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన ఐయొలేర్ అనే ఓడ దుర్ఘటన మాత్రం నన్ను బాధించింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి, నాలుగేళ్ల పోరులో ప్రాణాలతో బయటపడిన నావికులు కొత్త సంవత్సరానికి ఇళ్లకు వస్తుండగా, 1919 జనవరి 1న తెల్లవారకముందే, రేవు దీపాలు కనిపించేంత దగ్గరలో ఓడ బండలకు కొట్టుకుని 201 మంది మరణించారు. ఆ చిన్న ద్వీపంలో ఎన్నో ఊళ్లలో ఒకేసారి శవాలు లేచాయి. ఆ దుఃఖాన్ని అక్కడివారు దశాబ్దాలపాటు నోరు విప్పి చెప్పుకోలేకపోయారు.

మెకంజీ సేకరణలపై 2017లో స్టోర్నోవేలో ప్రదర్శన పెట్టారు. ఆ సేకరణలో మన జిల్లాకు చెందిన కైఫీయత్తులను కడప బ్రౌన్ గ్రంథాలయం సంపుటాలుగా అచ్చువేసినా, ఆ ఊళ్లలో ఉంటున్నవారికే అవి ఎక్కువగా చేరలేదు. కాబట్టి మీ జిల్లా పేజీలో వారానికొక ఊరి కైఫీయత్తును ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలకపోతే ఇనాముల జాబితాలు కుదించినా ఫరవాలేదు. చెరువుల పేర్లు మాత్రం తీసివేయకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
కడప