మోనార్క్ సీతాకోకచిలుకకు ఏ మొక్క నాటాలి?

సంపాదకుల వారికి,

అమెరికాలోని తెలుగు కుటుంబాలు మోనార్క్ సీతాకోకచిలుకల కోసం పెరట్లో మిల్క్‌వీడ్ నాటాలనీ, గొంగళి పురుగులను వల గూళ్లలో పెంచి పిల్లల చేత వదిలించాలనీ మీ ప్రవాసుల పేజీలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. ఉద్దేశం ఎంతో మంచిది. అయితే ఏ రకం మిల్క్‌వీడ్ నాటాలో, గూళ్లలో ఎన్ని పురుగులను పెంచవచ్చో అందులో లేదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న హ్యూస్టన్ పరిసరాల్లో, అంటే షుగర్‌లాండ్, కేటీ వంటి చోట్ల, ఈ రెండు విషయాల్లో పొరపాటు జరిగితే మేలుకు బదులు కీడే జరుగుతుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మోనార్క్ గొంగళి పురుగులు తిని పెరిగే మొక్క మిల్క్‌వీడ్. అది మన జిల్లేడుకు దగ్గరి చుట్టం. మన ఊళ్లలో జిల్లేడు ఆకులపై గుడ్లు పెట్టే నారింజ రంగు ప్లెయిన్ టైగర్, మోనార్క్, రెండూ డానస్ ప్రజాతికి చెందినవే. మోనార్క్‌ను వేరుగా నిలబెట్టేది దాని వలస. వేసవిలో పుట్టే తరాలు కొన్ని వారాలే బతుకుతాయి. వేసవి చివర పుట్టే తరం మాత్రం సంతానోత్పత్తిని వాయిదా వేసుకుని, ఎనిమిది నెలల దాకా బతికి, దక్షిణ కెనడా నుంచి, అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచి మధ్య మెక్సికో కొండల్లోని ఒయామెల్ ఫిర్ చెట్ల అడవులకు చేరుతుంది. కెనడాకు చెందిన పరిశోధకులు ఫ్రెడ్, నోరా అర్కార్ట్ దంపతులు దశాబ్దాల పాటు రెక్కలకు చీటీలు అంటించి సాగించిన అన్వేషణ ఫలితంగా, 1975 జనవరిలో ఆ విడిది శాస్త్రలోకానికి తెలిసింది. అక్కడి పల్లెల వారికి మాత్రం అది ఎప్పటి నుంచో తెలిసినదే. 1996-97 శీతాకాలంలో 18 హెక్టార్లకు పైగా అడవిని కమ్ముకున్న ఈ సీతాకోకచిలుకలు 2013-14లో 0.67 హెక్టార్లకు, 2023-24లో 0.9 హెక్టార్లకు కుదించుకుపోయాయి. మరుసటి ఏడాది ఆ విస్తీర్ణం 1.79 హెక్టార్లకు పెరిగింది కానీ, ఒక్క ఏడాది పెరుగుదలను చూసి కోలుకున్నాయనుకోవడం తొందరపాటు. ఆస్ట్రేలియాలో, హవాయిలో కూడా మోనార్క్‌లు స్థిరపడ్డాయి కనుక జాతి మొత్తం రేపే అంతరించిపోదు. ప్రమాదంలో పడింది ఈ మహావలస. మనం చేసే ప్రతి పనినీ అది వలసకు తోడ్పడుతుందా లేదా అన్న దృష్టితోనే చూడాలి.

ఇక్కడి నర్సరీలలో ఎక్కువగా దొరికేది ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్. అది ఈ నేలకు చెందినది కాదు. స్థానిక రకాలు శరదృతువు నాటికి ఎండి నేలమట్టమవుతాయి. ఇదేమో గల్ఫ్ తీరపు వెచ్చని శీతాకాలంలో పచ్చగానే నిలుస్తుంది. చూడటానికి అది మంచి గుణంలాగే ఉంటుంది, చిక్కంతా అందులోనే ఉంది. పొద్దు తగ్గడం, రాత్రులు చల్లబడటంతో పాటు మిల్క్‌వీడ్ ఆకు ముదరడం కూడా వలస తరానికి సంతానోత్పత్తి ఆపమని చెప్పే సూచన అని పరిశోధకులు గుర్తించారు. లేత ఆకు దొరికినప్పుడు కొన్ని మోనార్క్‌లు ప్రయాణం మాని ఇక్కడే గుడ్లు పెడతాయి. అదే మొక్క మీదికి తరం తర్వాత తరం వస్తుంటే, ఓ.ఇ. అనే ఏకకణ పరాన్నజీవి సిద్ధబీజాలు (స్పోర్లు) ఆకులపై పేరుకుపోతాయి. వాటిని తిన్న పురుగు సీతాకోకచిలుక అయ్యేసరికి బలహీనంగానో, రెక్కలు విచ్చుకోకుండానో బయటికి వస్తుంది. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన సోనియా ఆల్టిజర్, ఆమె సహచరులు జరిపిన అధ్యయనాల్లో, ఏడాది పొడవునా గుడ్లు పెడుతూ ఒకేచోట ఉండిపోయే మోనార్క్‌లలో ఈ పరాన్నజీవి వలస వెళ్లే వాటిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. సుదూర ప్రయాణంలో రోగగ్రస్తమైనవి రాలిపోతాయి, సోకిన ఆకులు వెనకే ఉండిపోతాయి. వలస ఆగితే ఆ రక్షణ కూడా పోతుంది.

అందుకే టెక్సస్‌లో గ్రీన్ మిల్క్‌వీడ్, జిజోటిస్, ఆంటిలోప్ హార్న్స్ వంటి స్థానిక రకాలనే నాటాలి. ఇప్పటికే ట్రాపికల్ రకం ఉన్నవారు దాన్ని పీకేయడం మంచిది; అందుకు మనసొప్పకపోతే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మొక్కను జానెడు ఎత్తు మించకుండా కత్తిరిస్తూ ఉండాలి. కొనేటప్పుడు పురుగుమందు కొట్టారా అని నర్సరీ వారిని తప్పక అడగాలి.

గూళ్లలో పెంపకం గురించి పరిశోధన ఇంకా సాగుతోంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాపారం కోసం పెంచిన మోనార్క్‌లే కాక, అడవి వాటి సంతతే అయినా ఇంటి లోపల పెరిగినవి కూడా దక్షిణ దిశను పట్టలేకపోయాయి. 2021లో కెనడా పరిశోధకులు రేడియో ట్యాగ్‌లు అమర్చి వదిలినప్పుడు మాత్రం, గూటిలో పెరిగినవి చాలావరకు దక్షిణం వైపే వెళ్లాయి. కాబట్టి దిశాజ్ఞానం గురించి ఇప్పుడే తుది మాట చెప్పలేం. ఇరుకు గూళ్లలో పదుల కొద్దీ పురుగులు కలిసి పెరిగితే రోగం తేలికగా వ్యాపిస్తుందనడంలో మాత్రం సందేహం లేదు. పిల్లలకు చూపించడానికి ఒకటి రెండింటిని శుభ్రంగా పెంచితే చాలు. వేడుకల కోసం కొని వదలడాన్ని మాత్రం మనం పూర్తిగా మానుకోవాలి.

మధ్యపశ్చిమ రాష్ట్రాల మొక్కజొన్న, సోయా పొలాల్లో గ్లైఫోసేట్ కలుపు మందుకు మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోవడం, మెక్సికోలో అడవుల నరికివేత, వాతావరణ మార్పు, వీటి ముందు మన పెరటి తోటలు చాలా చిన్నవని నాకు తెలుసు. కానీ టెక్సస్ స్థానం వేరు. మెక్సికో నుంచి తిరిగి వచ్చే ఆడ సీతాకోకచిలుకలు వసంతంలో తొలి గుడ్లు పెట్టేది ఎక్కువగా ఇక్కడే, శరదృతువులో చలికాలానికి కావలసిన కొవ్వు నింపుకునేదీ ఇక్కడే. ఆ రోజుల్లో వాటికి కావలసింది ఆకు కాదు, తేనె. ఫ్రాస్ట్‌వీడ్, గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పూలు ఆ సమయానికే పూస్తాయి. మనవాళ్ల కార్తీక వనభోజనాలు దాదాపు ఆ వలస కాలంలోనే జరుగుతాయి కనుక, ఆ సందర్భంలో తెలుగు సంఘాలు ఈ మొక్కలనూ, స్థానిక మిల్క్‌వీడ్ విత్తనాలనూ పంచాలని కోరుతున్నాను. మీరు కూడా ఆ వ్యాసానికి సవరణగా, ఏ రకం మొక్క నాటాలో, ఏది వద్దో స్పష్టంగా ప్రచురించాలని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హ్యూస్టన్, టెక్సస్