పాత కంప్యూటర్ల వేలం చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ ఆఫీసు వేలంలో ఒక పాత కంప్యూటర్ కొన్నాను. డిస్క్ ఫార్మాట్ చేసే ఇచ్చారు, కాదనను. అందులో పొరపాటున చెరిపేసుకున్న నా సొంత ఫైలు కోసం రికవరీ సాఫ్ట్‌వేర్ (పోయిన ఫైళ్లు వెలికితీసేది) నడిపితే దరఖాస్తుదారుల ఫొటోలు, సంతకాలు, పాస్‌బుక్ మొదటి పేజీలు వరసగా తెర మీదకొచ్చాయి. టెన్షన్ పుట్టి ఆపేశాను.

డిలీట్ కొడితే ఫైలు పోదండీ. విషయసూచికలో పేరు కొట్టేసినట్టే, పేజీలు అలాగే ఉంటాయి. క్విక్ ఫార్మాటూ అంతే. ఇప్పటి హార్డ్ డిస్క్ అయితే మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాయిస్తే సాధారణంగా చాలు. 35 సార్లు రాయాలన్నది పాతకాలపు మాట. చిక్కంతా ఎస్‌ఎస్‌డీతోనే (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్). అరుగుదల ఒకేచోట పడకుండా అది డేటాను లోపల్లోపలే చోటు మారుస్తుంటుంది, మనం పైన రాసింది అన్ని మూలలకూ చేరదు. దానికి సెక్యూర్ ఎరేజ్ కమాండే (డిస్క్ తనను తానే పూర్తిగా చెరుపుకునేలా ఇచ్చే ఆదేశం) వాడాలి. అయస్కాంతం దాని మీద పనిచేయదు (చాలామంది ఇంకా నమ్ముతున్నారు). ఆన్ కాని డిస్క్‌ను పిండి చేయించడమే.

ఇకపై ప్రతి డిస్క్ సీరియల్ నంబరు పక్కన ఎలా చెరిపారో, ఎవరు సరిచూశారో రాయించి సంతకం తీసుకోండి. నా దగ్గరున్న డిస్క్ కోసం ఎవరినైనా పంపండి, సీలు వేసి ఉంచాను.

ఇట్లు,
ఆ కంప్యూటర్ కొన్నవాడు