ఆ వేగం ఎవరు కొలిచారు?

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్ పిల్లలకు సాపేక్ష వేగం (ఒకదాన్నుంచి చూస్తే మరొకటి పోయే వేగం) అంటే ఒక్క షార్ట్‌కట్టే: ‘ఎదురెదురైతే కూడు, ఒకే దిక్కైతే తీసెయ్.’ మార్కులు వస్తాయి. ఆ వేగం ఎవరు, ఎక్కడుండి కొలిచారన్న ప్రశ్న మాత్రం బోర్డు మీదికి రాదు. నిర్దేశ చట్రం అంటే ఆ ప్రశ్నే. దాన్ని దాటేసిన పిల్లలు వానలో నడిచేవాడు గొడుగు ఎటు వంచాలన్న లెక్క దగ్గరే తడబడతారు.

కృష్ణా వంతెన మీద ఎదురెదురుగా రెండు రైళ్లు, ఒక్కోటి గంటకు 90 కి.మీ. ఒక రైల్లోంచి చూస్తే రెండోది 180తో వస్తుంది. రైళ్ల బదులు రెండు రాకెట్లు అనుకోండి, నేల నుంచి చూస్తే ఒక్కోటి కాంతివేగంలో 0.6 వంతు. షార్ట్‌కట్ కాంతివేగానికి 1.2 రెట్లు అంటుంది. ఇది పూర్తిగా తప్పూ కాదు. నేల మీదివాడికి రాకెట్ల మధ్య దూరం నిజంగానే 1.2 చొప్పున తరుగుతుంది. ఆ వేగంతో ఏ వస్తువూ పోవడం లేదు కనుక, ఏదీ కాంతిని మించి పోదన్న నియమానికి భంగం లేదు. ఒక రాకెట్‌లో కూర్చుని రెండోదాన్ని కొలిస్తే మాత్రం ఆ 1.2ను 1.36తో భాగించాలి (ఒకటికి 0.6, 0.6ల లబ్ధం కలపగా వచ్చిందే 1.36). వచ్చేది 0.88. రైళ్లకూ ఇదే సూత్రం. అక్కడ దిద్దుబాటు కోటి కోట్లలో ఒక వంతు కూడా ఉండదు కాబట్టి షార్ట్‌కట్ బండి నడిచిపోతోంది.

‘అంతా సాపేక్షమే’ అని సైన్సు ఫెయిర్ చార్టుల మీద రాయించేవారికి ఒక మాట. ఐన్‌స్టీన్ 1905లో మొదలుపెట్టింది మారని రెండింటితో: జడత్వ చట్రాలన్నిటిలో (వేగం, దిక్కు మారకుండా సాగే చట్రాల్లో) భౌతిక నియమాలు ఒకటే, శూన్యంలో కాంతివేగం ఒకటే (సెకనుకు 29,97,92,458 మీటర్లు). రెండో ఏడాదిలో బట్టీపట్టే ‘ఇ ఈజ్ ఈక్వల్ టు ఎంసీ స్క్వేర్’ కూడా వీటి నుంచి వచ్చిందే.

చట్రం అంటే ఏమిటో చూపడానికి ల్యాబ్ అక్కర్లేదు, గుంటూరు ప్యాసింజర్ చాలు. నిలకడగా 90తో పోతున్నప్పుడు మీటరు ఎత్తు నుంచి రబ్బరు బంతి వదిలితే 0.45 సెకన్లలో కింద పడుతుంది. ఆలోగా రైలు 11 మీటర్లు పోయినా బంతి కాళ్ల దగ్గరే పడుతుంది. బ్రేకు వేస్తుండగా వదిలితే ముందుకు పడుతుంది. అప్పుడు పెట్టె జడత్వ చట్రం కాదు. వంపులో చేస్తే పక్కకు పోతుంది, కాబట్టి తిన్నని పట్టా మీదే మొదలుపెట్టించాలి.

ఇంటర్ బోర్డుకు మా విన్నపం: సాపేక్ష వేగం లెక్కలో ‘ఫలానా చట్రంలో’ అని మొదటి పంక్తిలో రాసినందుకు ఒక మార్కు కేటాయించండి. మార్కు ఉందంటే మర్నాటికే అన్ని బోర్డుల మీదా ఆ పంక్తి కనబడుతుంది.

– కొందరు భౌతికశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు