తామర మీద పరిశోధనకు డబ్బు కేటాయించండి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. మా ఓపీకి వచ్చేవాళ్లలో ఫంగస్ వల్ల చర్మానికి వచ్చే తామరతో బాధపడేవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు టెర్బినాఫిన్ మాత్రలు రెండు మూడు వారాలు వాడితే తగ్గిపోయేది. ఇప్పుడు చాలామందికి ఇట్రాకోనజోల్ అనే మరో మందు నెలల తరబడి ఇవ్వాల్సి వస్తోంది. ఆపితే మళ్లీ తిరగబెడుతోంది. కూలికి వెళ్లేవాళ్లు అన్నాళ్లు మందులు ఎలా కొంటారు? దురదతో రాత్రుళ్లు నిద్ర ఉండదు. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఆడపిల్లలైతే ఎవరికీ చెప్పుకోలేక ముదిరేదాకా దాచుకుంటారు.

మందులకు లొంగని ఈ ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లోనూ ఇద్దరిలో బయటపడింది. మన దగ్గర మాత్రం మందుల షాపుల్లో క్లోబెటసాల్ స్టెరాయిడ్ కలిపిన క్రీములు డాక్టరు చీటీ అడగకుండానే ఇస్తున్నారు. అవి రాస్తే దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో మీ శాఖే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని అమలు చేయించండి.

అయితే అమలొక్కటే సరిపోదు. ఇట్రాకోనజోల్ ఎన్నాళ్లు వాడాలి, ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం చేస్తే తిరగబెట్టడం ఆగుతుందా అన్న ప్రశ్నలకు గట్టి జవాబు కావాలి. ఒక్కో ఆస్పత్రిలో జరిగే చిన్న ట్రయల్స్‌తో అది రాదు.

గజ్జి విషయంలో ఫిజీ దీవుల్లో ఇలాంటి ప్రశ్నే సూటిగా వేశారు. ఊళ్లో అందరికీ ఐవర్‌మెక్టిన్ అనే మందు ఇచ్చి చూశారు. ఏడాదిలో గజ్జి ఉన్నవాళ్లు నూటికి 32 మంది నుంచి ఇద్దరికి తగ్గారు. 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. పాత మందే, ఖరీదైనదీ కాదు. పరిశోధనకు ఎవరో ఒకరు డబ్బు పెట్టబట్టే ఇది తేలింది.

ప్రాణం తీయదు కాబట్టి చర్మవ్యాధి ఎప్పుడూ వెనకబడుతోంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో తామర ఫంగస్‌లు లేవు. అదే సంస్థ సభలో 2025 మేలో చర్మవ్యాధులను ప్రపంచ ప్రజారోగ్య ప్రాధాన్యంగా గుర్తిస్తూ తీర్మానం చేశారు. ఆ మాట మన బడ్జెట్‌లోనూ కనిపించాలి.

ఏ రాష్ట్రంలో ఏ రోగం ఎంత బాధపెడుతోందో లెక్కగట్టిన కృషిలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా భాగస్వామి. ఆ లెక్కల పక్కనే, ఏ రోగంపై పరిశోధనకు ఎంత ఖర్చు పెడుతున్నారో కూడా ఏటా ప్రకటించండి. తామరపై అనేక రాష్ట్రాలు కలిసి చేసే ట్రయల్‌ను ఐసీఎంఆర్ ద్వారా మొదలుపెట్టించండి. అందులో పెద్ద నగరాల ఆస్పత్రులతో పాటు జిల్లా ఆస్పత్రులనూ చేర్చండి.

ఇట్లు,
ఒక చర్మవ్యాధుల వైద్యురాలు